సార్జెంట్ పెనెల్, సాయిసు పోచయ్య

ప్రియదర్శినికి బ్రిటిష్ గుర్రపు దళాల సైనికులంటే ఒకరకమైన అభిమానం. ఈ మాట విన్నవాళ్ళు నవ్వేవారు. కోకాపేటలో పుట్టిన పిల్ల, నీళ్ళ ట్యాంకరు నడిపే ఎల్లేశం కూతురు, ఎప్పుడో చచ్చి మట్టిలో కలిసిన తెల్ల సిపాయిలతో దీనికేం పని అనేవారు. ఆమె ఉద్యోగమే అది మరి. రాయదుర్గంలో మెట్రో దిగితే ఎదురుగా కనిపించే అద్దాల భవనాల్లో ఒకదానిలో మా ఆఫీసు. ఇంగ్లండులోనూ ఆస్ట్రేలియాలోనూ ఉండేవాళ్ళు తమ తాతముత్తాతలెవరో కనుక్కోమని అడుగుతారు. పాత జనాభా లెక్కలు, చర్చిల్లో రాసిన పెళ్ళిళ్ళూ చావులూ, సైన్యం హాజరు పట్టీలు, ఆనాటి పత్రికలు వెతికి, వాళ్ళ వంశవృక్షం తయారుచేసి ఇవ్వడం మా పని. ఆమె పక్క సీటు నాది. నా పేరు సంయుక్త. మాది తణుకు, మణికొండలో అద్దెకుంటాను.

ఆమె చదివింది ఉస్మానియాలో చరిత్ర. తన ఈడు పిల్లలంతా కంప్యూటర్ కోర్సులు చేసి గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో కుదురుకుంటే, ఈమె ఎం.ఏ. పట్టా చేత పట్టుకుని చాలాకాలం ఖాళీగా ఉంది. కొన్నాళ్ళు కాల్ సెంటర్లో పనిచేసింది. పాత ఇంగ్లిషు చేతిరాత చదవగలిగేవాళ్ళు కావాలని మా కంపెనీ ప్రకటన ఇస్తే వచ్చి చేరింది. మాకు కోడి గీకినట్టు కనిపించే రాతను గడగడా చదివేది. గుర్రపు దళాల కేసు ఏది వచ్చినా ఆమెకే ఇచ్చేవారు. హుస్సార్లనే గుర్రపు దళాల్లో ఏది ఏ ఏడాది బెంగుళూరులో ఉందో, ఎప్పుడు సికింద్రాబాదుకు వచ్చిందో ఆమెకు నోటికి వచ్చు.

వాళ్ళను చుట్టాల్లాగే మాట్లాడేది. పటాలం వదిలి పారిపోయినవాడు కనిపిస్తే, "మావోడు మళ్ళ తప్పించుకున్నడు చూడు సంయుక్తా" అని నవ్వేది. లండన్ అనాథాశ్రమం నుంచి సైన్యంలో చేరిన ఒక కుర్రాడు ఓడ దిగిన ఏడాదే తిరుమలగిరిలో కలరాతో పోయాడని తెలిసినప్పుడు, ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని లష్కర్ అని పిలిచే సికింద్రాబాదు వైపున్న పాత సమాధుల తోటకు తీసుకెళ్ళింది. వాడి పేరున్న రాయి దొరకలేదు. పేరు చెరిగిపోయిన ఒక రాయి మీద బంతిపూలు పెట్టి వచ్చాం. పొట్టకూటికి వచ్చి పరాయి దేశంలో చచ్చిన బీదపిల్లలు, వాళ్ళ తప్పేముంది అనేది.

ఇలాంటి మనిషి చేతికి కిందటి చలికాలంలో డెరిక్ పెనెల్ కేసు వచ్చింది.

డెరిక్ ఇంగ్లండులో బస్సుల మెకానిక్కుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ముత్తాత జార్జ్ పెనెల్ గుర్రపు దళంలో సార్జెంటు. సికింద్రాబాదు కంటోన్మెంటులో చాలా ఏళ్ళు ఉన్నాడు. ముత్తాతకు వచ్చిన పతకం ఇప్పటికీ ఆయన ఇంట్లో గోడ మీద ఉందట. మచ్చలేని నడవడికతో ఏళ్ళ తరబడి కొలువు చేసినవాళ్ళకు ఇచ్చే వెండి పతకం అది. దానితో పాటు ఒక ఫొటో కూడా ఉందని కంప్యూటర్లో పంపాడు. మధ్యలో నల్లటి గుర్రం. ఒక పక్క మీసాలు మెలేసిన సార్జెంటు. రెండో పక్క కళ్ళెం పట్టుకుని ఒక బక్కపలచని తెలుగువాడు, తలపాగాతో, కాళ్ళకు చెప్పుల్లేకుండా. గుర్రాన్ని మేపి, తోమి, జీను కట్టే పనివాణ్ణి ఆ రోజుల్లో సాయిసు అనేవారు. ఇతను పెనెల్ సాయిసు.

డెరిక్ అడిగింది ఒక్కటే. ఆ సాయిసును గుర్రం తన్ని చంపిందనీ, తన ముత్తాత బతికినన్నాళ్ళూ ఆ చావు తలచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడనీ వాళ్ళింట్లో చెప్పుకుంటారు. ముత్తాతకు అంత ఆప్తుడైన ఆ మనిషి పేరేమిటో తెలుసుకోవాలని ఉంది. దయచేసి కనుక్కోండి అన్నాడు.

ఇంత మంచి కోరిక ఎవరూ కోరలేదని ప్రియదర్శిని మురిసిపోయింది. నౌకరు పేరు తెలుసుకోవాలని ఎవరడుగుతారు చెప్పు అంది నాతో. పటాలం వివరాలు వారంలోపే పూర్తిచేసి, సాయిసు కోసం ఆనాటి మద్రాసు పత్రికలు తిరగేయడం మొదలుపెట్టింది.

ఆ ఉదయం నేను టీ తెచ్చుకుని సీట్లో కూర్చునేసరికి ఆమె కదలకుండా ఉంది. చేతిలోని నీళ్ళ సీసా ఒరిగి చుడీదార్ మీద నీళ్ళు కారుతున్నాయి. ఆమెకు తెలియడం లేదు. పిలిచాను. పలకలేదు. సీసా లాక్కుని కంప్యూటర్లోకి చూశాను.

పత్రికలో ఒక మూల పడిన చిన్న వార్త. సికింద్రాబాదు కంటోన్మెంటు కోర్టులో సార్జెంట్ జార్జ్ పెనెల్ మీద విచారణ. జీను పట్టెడ వదులుగా కట్టాడని సార్జెంటు తన సాయిసును బూటుకాలితో కడుపులో తన్నాడు. కిందపడ్డాక మళ్ళీ తన్నాడు. సాయిసు ఆ సాయంత్రమే చనిపోయాడు. గుర్రం తన్నిందని సార్జెంటు వాదించాడు. గుర్రం అప్పటికి నీళ్ళ తొట్టి దగ్గర ఉందనీ, తన్నింది దొరేననీ, పక్కనున్న ఇంకో సాయిసు లచ్చయ్య సాక్ష్యం చెప్పాడు. చనిపోయినవాడు తన బావ అని కూడా చెప్పాడు. మలేరియాతో మృతుడి ప్లీహం ముందే ఉబ్బి ఉందనీ, ఆరోగ్యవంతుడైతే ఆ దెబ్బకు చావడనీ పటాలం డాక్టరు చెప్పాడు. మేజిస్ట్రేటు దాన్ని మామూలు దెబ్బల కేసుగా తేల్చి, జరిమానాతో సార్జెంటును వదిలేశాడు. మృతుడి పేరు పోచయ్య. గోల్కొండకు పడమరన ఉన్న కోకాపేట నివాసి. భార్య, ఎల్లయ్య అనే చంటిపిల్లాడు ఉన్నారు.

కోకాపేట ఆమె ఊరే. కానీ ఆమె అలా అయిపోవడానికి అసలు కారణం నాకింకా తెలియదు.

"సంయుక్తా," అంది. "మా ఇంట్ల పోచయ్య తాత ఉండె. మా నాయిన తాతకు తాత. లష్కర్ల గుర్రం తన్ని సచ్చిపోయిండు."

పోచయ్యలు ఊరికి పదిమంది ఉంటారు, నీకు అనుమానం అన్నాను. ఆమె తల ఊపింది కానీ అప్పటికే సంచి సర్దుకుంటోంది. బండి నడపగల స్థితిలో లేదు. సెలవు చెప్పి, నా స్కూటీ మీద నేనే కోకాపేట తీసుకెళ్ళాను.

వాళ్ళ ఇల్లు పాత ఊళ్ళో, కొత్త టవర్ల వెనకాల సందులో ఉంటుంది. వాకిట్లో నానమ్మ భాగ్యమ్మ చాటలో అనపకాయలు ఒలుస్తోంది. ప్రియదర్శిని ఆమె పక్కన కూర్చుంది. విషయం ఏమీ చెప్పకుండా అడిగింది.

"నానమ్మా, లష్కర్ల సచ్చిపోయిన పోచయ్య తాత ముచ్చట జర చెప్పు."

"ఏమున్నదే చెప్పనీకి. దొరలకాడ సాయిసు పని చేస్తుండె. గుర్రం తన్నింది, సచ్చిండు. మా అత్త గట్లనే చెప్పేది."

"మరి కొడుకును ఎవరు సాదిండ్రు?"

"ఎల్లయ్యనా? మ్యానమామ సాదిండు. లచ్చయ్యని. ఆయన గూడ ఆడ్నే సాయిసు."

ప్రియదర్శిని నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గుచ్చుకుని నెత్తురొచ్చింది. అప్పుడు చెప్పింది, ఆఫీసులో చదివిందంతా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ.

భాగ్యమ్మ చేతిలోని అనపకాయలు చాటలో పడ్డాయి. గుర్రం కాదా అని అడిగింది. కాదంది మనవరాలు. కాసేపాగి మళ్ళీ అదే అడిగింది.

ఆ ఇంట్లో గుర్రమంటే పగ. బొమ్మ గుర్రం కూడా కొనరు. ప్రియదర్శిని అన్న సాయిచంద్ తన పెళ్ళికి గుర్రమెక్కి బరాత్ తీయాలని ముచ్చటపడితే, గుర్రం గడప ముందుకొస్తే నేను పెళ్ళికే రానని ఈ ముసలామె అడ్డంపడి, జీపులో ఊరేగించింది. తరాలుగా ఆ మూగజీవాన్ని తిట్టుకుంటూ బతికారు.

"దానికి నోరుంటే ఎంత ఏడ్సేదో," అంది భాగ్యమ్మ, ఎవరితోనో అన్నట్టు.

ప్రియదర్శిని తండ్రి ఎల్లేశం వచ్చేసరికి మేం ముగ్గురం అలాగే కూర్చుని ఉన్నాం. ఆయన నిలబడే విన్నాడు. విని, మెట్టు మీద కూలబడ్డాడు. పెద్ద మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, మెల్లగా నీళ్ళు అడిగాడు. తాగాక ఆయన అడిగిన ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు.

"లచ్చయ్య కండ్లార చూసిండు. కోర్టుల దొర ముంగట నిలవడి చెప్పిండు. మరి ఇంటికొచ్చి గుర్రం తన్నిందని ఎందుకు చెప్పిండు?"

నిజమే. ఆ అబద్ధం దొరది. కోర్టులో అది చెల్లలేదు. అయినా అదే అబద్ధం ఈ ఇంటికి చేరింది, అదీ దాన్ని ఎదిరించిన మనిషి నోటి మీదుగా.

భాగ్యమ్మే నోరు విప్పింది.

"చెప్తే ఎల్లయ్య ఊకుంటుండెనా? మీసాలొచ్చినంక లష్కర్ బాట వట్టేటోడు. వాణ్ణి గూడ సంపేటోళ్ళు. గప్పుడు నువ్వేడికెళ్ళి వస్తవురా, నీ బిడ్డ ఏడికెళ్ళి వస్తది?"

ఎల్లేశం తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు. నేను ఆ ఇంట్లోంచి ఎలా బయటపడ్డానో నాకే గుర్తులేదు.

మర్నాడు మా టీమ్ లీడ్ ప్రవీణ్‌కు సంగతి చెప్పాం. ప్రవీణ్ చెడ్డవాడు కాదు. విని నిర్ఘాంతపోయాడు, కాఫీ తెప్పించాడు, ఓదార్చాడు. తర్వాత ఉద్యోగం గుర్తొచ్చింది. మనవాళ్ళ కుటుంబానికే సంబంధం ఉన్న కేసు మనం చేయకూడదు, పైగా కస్టమర్లు తమ పెద్దల గురించి మంచి వినాలని వస్తారు, సాయిసు వివరాలు దొరకలేదని రాసి ముగించెయ్యి అన్నాడు.

"ఆయన అడిగిందే ఆ పేరు సార్. పేరు దొరికింది. దొరకలేదని రాయమంటున్నరా?" అంది ప్రియదర్శిని.

ప్రవీణ్ చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. పత్రికలో ఉన్నది మాత్రమే చెప్పాలి. ఆమె తన కుటుంబం ఊసెత్తకూడదు.

వీడియో కాల్లో డెరిక్ నవ్వుతూ ప్రత్యక్షమయ్యాడు. పేరు దొరికిందని వినగానే పక్కనున్న కళ్ళజోడు పెట్టుకుని కలం తీశాడు. ప్రియదర్శిని వార్త మొత్తం చదివింది. గొంతు ఎక్కడా తొణకలేదు. ఆ ముసలాయన కలం పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో నిలిచిపోయింది. మా తాతయ్య నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పేవాడు, గుర్రమని చెప్పేవాడు అన్నాడు. ఆ మాటే మళ్ళీ అన్నాడు. కాల్ ఆగిపోయింది.

ఆ తర్వాత ఆయన మా కంపెనీని ఒకటే కోరాడు, ఈ కేసును ఇంకొకరి చేత మొదటి నుంచీ సరిచూపించమని. ఆ పని నాకు పడింది.

ఎక్కడో పొరపాటు జరిగి ఉంటే బాగుండునని ఆశపడుతూ మొదలుపెట్టాను. ఇంకో పెనెల్, ఇంకో కోకాపేట, ఏదైనా సరే. దొరికింది వేరు. అదే విచారణను మరో పత్రిక కూడా వేసింది, అవే వివరాలు; మృతుడి భార్య బిడ్డతో కోర్టు వాకిట్లో నిలబడి ఉందన్న మాట ఒక్కటే కొత్త. కొన్నాళ్ళకు ఎవరో పాఠకుడు ఆ పత్రికకు రాశాడు. ఒక సాయిసు చచ్చినందుకు సార్జెంటుకు జరిమానా వేయడం వల్ల పటాలంలో క్రమశిక్షణ దెబ్బతింటుందని అతని బాధ. నేను కుర్చీలోంచి లేచి బాత్రూములోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చదివాను. పెనెల్‌కు ఆ వెండి పతకం వచ్చింది ఇదంతా జరిగాకే. అతని నడవడికలో మచ్చ లేదని పై అధికారి రాసిన మాట నా కళ్ళతో చూశాను.

ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. వారాలు గడిచాయి. ప్రియదర్శిని రోజూ ఆఫీసుకొచ్చేది, పని చేసేది. గుర్రపు దళాల కేసులు మాత్రం వద్దంది. ఒకరోజు నాతో, "ఆ అనాథ పిలగాని సమాధికాడ పూలు వెట్టినం గద. వాడు గూడ ఎవరినన్న తన్నిండో ఏమో, మనకేం ఎర్క" అంది. ఏడవకుండా అంది. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

సంక్రాంతి సెలవులకు మా ఊరెళ్ళి వచ్చాక తెలిసింది, డెరిక్ మళ్ళీ మాట్లాడతానన్నాడని. మొదట చదివిన అమ్మాయే కావాలన్నాడట. ప్రవీణ్ ఈసారి గదిలో ఉండనన్నాడు, షరతుల మాటా ఎత్తలేదు.

డెరిక్ చిక్కిపోయాడు. పతకాన్ని గోడ మీద నుంచి తీసేశానన్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియక వంటింటి సొరుగులో పెట్టానన్నాడు. తర్వాత, ఆ పోచయ్య మనుషులెవరైనా ఇప్పటికీ ఉంటే కనుక్కోగలరా, నా చేతనైనది ఏమైనా ఉందేమో వాళ్ళనే అడగాలి అన్నాడు.

ప్రియదర్శిని కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆయన కొడుకు ఎల్లయ్య. మా నాన్నకు ఎల్లేశం అని పెట్టింది ఆయన పేరు మీదే. నేను పోచయ్య వంశంలో అమ్మాయిని," అని ఇంగ్లిషులో చెప్పింది.

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మనం లేచి నిలబడతామే, అలా. ఆయన కంప్యూటర్ బల్ల మీద కిందుగా ఉండటంతో మాకు ఆయన స్వెట్టరు, పక్కలకు ఆనించుకున్న చేతులు మాత్రమే కనిపించాయి. ఎంతసేపు అలా నిలబడ్డాడో. ఆమె కూర్చోమని బతిమాలితే తప్ప కూర్చోలేదు.

ఏం కావాలని అడిగితే ఆమె ఆ ఫొటో మంచి కాపీ ఒకటి చాలంది. ఆయన అసలు ఫొటోనే పంపించాడు.

ఫొటో వచ్చిన రోజు నన్నూ పిలిచారు. కాగితం విప్పగానే భాగ్యమ్మ నోరు కొంగుతో మూసుకుంది. కంప్యూటర్లో మసకగా ఉన్న ముఖం ఇక్కడ స్పష్టంగా ఉంది. ఆ వెడల్పాటి చెవులు, కలిసిపోయిన కనుబొమలు సాయిచంద్‌వే. సాయిచంద్ తన ముఖాన్ని తానే తడుముకున్నాడు. అతనికి అప్పుడొచ్చింది కోపం. సార్జెంటున్న వైపు కత్తిరించేసి, తాతనూ గుర్రాన్నీ మాత్రం పెద్దది చేయిస్తానన్నాడు. అందరూ సరేనన్నారు.

స్టూడియోలో సార్జెంటు ముఖాన్ని, ఒంటిని తీసేశారు. కానీ ఒక చెయ్యి మిగిలిపోయింది. గుర్రం మెడ మీదుగా చాపి, పోచయ్య భుజం మీద వేసి ఉంది సార్జెంటు చెయ్యి. ఆప్యాయంగా వేసిన చెయ్యిలాగే ఉంది. దాన్ని కూడా చెరిపేసి అక్కడ బట్ట రంగు నింపుతామని స్టూడియో వాళ్ళన్నారు. సాయిచంద్ తండ్రికి ఫోన్ చేశాడు. ఎల్లేశం, "ఉండనీయి. గా చెయ్యి ఎవరిదో పిల్లలు అడుగుతరు. చెప్పుదాం," అన్నాడు.

ఆ ఫొటో ఇప్పుడు వాళ్ళింట్లో దేవుడి పటాల పక్కన ఉంది. డెరిక్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోరు. వాతావరణం గురించి, ఆయన మోకాళ్ళ నొప్పుల గురించి. పతకం సొరుగులోనే ఉందట.

ప్రియదర్శిని మళ్ళీ గుర్రపు దళాల కేసులు చేస్తోంది. ఎందుకు చేస్తున్నావంటే, ఆ సిపాయిల పక్కన నిలబడ్డవాళ్ళ పేర్లు వాళ్ళ కాగితాల్లోనే దొరుకుతాయి, ఇంకెక్కడా దొరకవు అంటుంది. ఏ సార్జెంటు వివరాలు వెతికినా, అతని సాయిసు పేరు, వంటవాడి పేరు, నీళ్ళు మోసినవాడి పేరు కనిపిస్తే విడిగా రాసి పెట్టుకుంటుంది. కస్టమర్లు అడక్కపోయినా నివేదికలో చేరుస్తుంది. ప్రవీణ్ చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు.

ఒక్క పేరు మాత్రం ఆమెకు దొరకలేదు. చంటిపిల్లాణ్ణి చంకన వేసుకుని ఆ కోర్టు వాకిట్లో నిలబడిన పోచయ్య భార్య పేరు. రెండు పత్రికలూ ఆమెను భార్య అని మాత్రమే రాశాయి. భాగ్యమ్మకూ తెలియదు, వాళ్ళ అత్త ఎప్పుడూ చెప్పలేదట. నిన్న కూడా ప్రియదర్శిని వేరే ఏదో కేసు పక్కన పెట్టి ఆ ఏడాది పత్రికలు మళ్ళీ మొదటి నుంచి చూడటం కనిపించింది. నేను ఏమీ అడగలేదు. నా కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని, చివరి నెలల పత్రికలు నేను తెరిచాను.